అవునని చెప్పిన పిల్ల

పెళ్ళితో ముగిసే నవలలు మనం బోలెడు చదివాం. పెళ్ళి ఆగిపోవడంతో మొదలై, 38 ప్రకరణాలు తిప్పి తిప్పి, మళ్ళీ ఆ పెళ్ళి దగ్గరికే తీసుకొచ్చి దింపే నవల ఒకటుంది. ఇటలీలో బడికి వెళ్ళినవాళ్ళలో దాని పేరు తెలియనివాళ్ళుండరు. పాఠ్యపుస్తకం కనక చాలామంది విసుక్కుంటూ చదివి ఉంటారు, అది వేరే సంగతి. అలెస్సాండ్రో మాంజోనీ రాసిన 'ఇ ప్రొమెస్సి స్పోసి'. మన మాటల్లో 'నిశ్చితార్థమైన జంట' అనుకోవచ్చు. 1827లో మొదటిసారి పూర్తిగా అచ్చయింది.

నేను దీన్ని ఇంగ్లీషు అనువాదంలోనే చదివాను. మొదటిసారి కథ కోసం చదివాను. రెండోసారి అందులో ఉన్న ఒక పిల్ల కోసం చదివాను. ఆ పిల్ల కథానాయిక కాదు. మధ్యలో వచ్చి మధ్యలోనే వెళ్ళిపోతుంది. కానీ పుస్తకం మూసేశాక నాతో ఉండిపోయింది ఆవిడే.

భక్తి గట్టిగా పట్టుకున్న మనిషి నవల రాస్తే ఎలా ఉంటుందో మనం ఊహించుకోగలం. పేజీ పేజీకీ నీతిబోధ, పాపులకు శిక్ష, మంచివాళ్ళకు మోక్షం. మాంజోనీ అటువంటి భక్తుడే. పాతికేళ్ళ వయసులో మళ్ళీ కాథలిక్ విశ్వాసంలోకి వచ్చి, ఆ తరవాత బతికిన 63 ఏళ్ళూ దాన్ని వదల్లేదు. ఫ్రెంచి విప్లవం, నెపోలియన్ దండయాత్రలు దాటాక ఇటలీలో కాథలిక్ మతం మళ్ళీ తలెత్తింది. ఆ పునరుజ్జీవనం నుంచి ఇటాలియన్ సాహిత్యానికి దక్కిన అతిపెద్ద పుస్తకం ఇదే. సరే, మతం ఇచ్చిందేమిటో అందరూ చెప్పారు. పుచ్చుకున్నదేమిటి? ఆ లెక్క చూడాలని నా కోరిక.

ముందు కథ. 1628 నవంబరు 7 సాయంత్రం. కోమో సరస్సు ఒడ్డున ఓ పల్లె. ఆ ఊరి చర్చి ఫాదరు డాన్ అబ్బోందియో ప్రార్థన పుస్తకం చేత్తో పట్టుకుని నింపాదిగా ఇంటికి వస్తుంటే, దారి మలుపులో ఇద్దరు రౌడీలు కాచుకుని ఉంటారు. మర్నాడు రెంజోకీ లూచియాకీ చేయవలసిన పెళ్ళి చేయడానికి వీల్లేదంటారు. మర్నాడే కాదు, ఎన్నటికీ. వాళ్ళ యజమాని డాన్ రోద్రిగో ఆ చుట్టుపక్కల పెద్ద జమీందారు. లూచియా మీద కన్ను వేశాడు, ఆ పిల్ల విషయంలో చుట్టంతో పందెం కూడా కాశాడు. రెంజో పట్టు పనివాడు. లూచియా తల్లి చాటు పిల్ల. ఆ ప్రాంతమంతా అప్పుడు స్పెయిన్ రాజు ఏలుబడిలో ఉంది. చట్టాలకు కొదవ లేదు, ఉన్నవాడికి అవి అడ్డమూ లేవు.

డాన్ అబ్బోందియో దుర్మార్గుడేం కాదండీ. వట్టి పిరికి గొడ్డు. రెంజో వచ్చి నిలదీస్తే, ఆ కుర్రాడికి అర్థంకాని లాటిన్ వల్లించి వాయిదా వేస్తాడు. ఇంట్లో పనిచేసే పెర్పెతువా దగ్గర మాత్రం గుట్టు దాచుకోలేక అంతా కక్కేస్తాడు. ఈ ఇద్దరూ మాట్లాడుకునే చోట్ల మాంజోనీ ఎంత గొప్ప హాస్య రచయితో తెలుస్తుంది. భక్తుడికి హాస్యం ఉండదని ఎవరన్నారో కానీ!

ఇక్కడో సంగతి తెలియకపోతే కథలో సగం రుచి పోతుంది. జర్మనీలో లూథర్ లేవదీసిన తిరుగుబాటు తరవాత, కాథలిక్ సంఘం తన ఇల్లు చక్కబెట్టుకోవడానికి ట్రెంట్ నగరంలో మహాసభ జరిపింది. 1545లో మొదలై, మధ్య మధ్య ఆగుతూ, 1563 దాకా సాగింది. పెళ్ళిళ్ళ గురించి ఆ సభ ఓ కట్టడి చేసింది. ఊరి ఫాదరు ఎదుట, ఇద్దరో ముగ్గురో సాక్షుల ముందు జరిగితేనే అది పెళ్ళి. అంతకు ముందు చాటున ఒకరికొకరు మాట ఇచ్చుకున్నా పెళ్ళి కిందే లెక్క. రేప్పొద్దున మగవాడు "నువ్వెవరో నాకు తెలీదు" అంటే ఆడపిల్ల ఎవరితో చెప్పుకుంటుంది? కట్టడి మంచిదే. కానీ ఆ ఫాదరే భయపడి ఇంట్లో కూర్చుంటే ఏం చెయ్యాలి?

లూచియా తల్లి అన్యేసె లోకం చూసిన మనిషి. ఫాదరు ఎదుట ఉండాలన్నారు గాని, ఆయన ఒప్పుకోవాలని ఎవరన్నారు? రాత్రివేళ సాక్షుల్ని వెంటబెట్టుకుని ఆయన ఇంట్లో జొరబడి, ఇతను నా మొగుడు, ఈవిడ నా పెళ్ళాం అని ఇద్దరూ గబగబా అనేస్తే పెళ్ళి అయిపోయినట్టే! అలాగే వెళతారు. రెంజో తన మాట అనేస్తాడు. లూచియా నోరు తెరుస్తుంది. అంతే, డాన్ అబ్బోందియో బల్లమీద పరిచిన గుడ్డ లాగి ఆ పిల్ల మొహాన కప్పేస్తాడు. మాట పూర్తికాదు. పెళ్ళీ కాదు. నవ్వుతూనే చదువుతాం. లూచియా మాట పూర్తికాకపోవడం అనేది మాత్రం జ్ఞాపకం పెట్టుకోండి. మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

ఈ కథ రాసినాయన ఇంటి కథ కూడా తక్కువదేం కాదు. మాంజోనీ 1785లో మిలాన్‌లో పుట్టాడు. తల్లి జూలియా, మరణశిక్షలూ చిత్రహింసలూ కూడదని యూరప్ అంతటా పేరుమోసిన పుస్తకం రాసిన చెజారె బెకారియా కూతురు. భర్తతో పొసగక, మరొకాయనతో పారిస్ వెళ్ళిపోయింది. పిల్లవాడు ఆరో ఏట నుంచీ మతగురువులు నడిపే బళ్ళలో పెరిగాడు. అందులోంచి దేవుడి పేరెత్తితే మండిపడేవాడై బయటికొచ్చాడు (ఇది ఇటలీలోనే జరుగుతుందా?). 1805లో పారిస్‌లో తల్లి దగ్గరికి చేరాడు. 1808లో ఎన్రికెత్తా బ్లోందెల్ అనే పదహారేళ్ళ పిల్లని పెళ్ళి చేసుకున్నాడు. ఆమెది జెనీవా నుంచి వచ్చిన కాల్విన్ మతస్థుల కుటుంబం. పెళ్ళీ ఆ పద్ధతిలోనే జరిగింది.

రెండేళ్ళు తిరక్కుండానే ఆ పిల్ల కాథలిక్ మతబోధ వినడం మొదలుపెట్టింది. 1810లో మళ్ళీ కాథలిక్ పద్ధతిలో పెళ్ళి జరిపించుకున్నారు. ఆ మే నెలలో ఆమె పుట్టింటి మతాన్ని విడిచిపెట్టింది. పుట్టింటివాళ్ళు భగ్గుమన్నారు. మాంజోనీ కూడా ఆ ఏడే విశ్వాసంలోకి తిరిగొచ్చాడు. దీని మీద ఓ కథ చెబుతారు. నెపోలియన్ రెండో పెళ్ళి సంబరాల్లో టపాకాయలు పేలి జనం చెల్లాచెదురయ్యారట. భార్య కనపడక, ఇతను కంగారుగా ఓ చర్చిలోకి వెళ్ళి, దేవుడా నువ్వుంటే కనపడు అని మొక్కుకున్నాడట. కథ బాగానే ఉంది. కానీ ఇంట్లో పద్దెనిమిదేళ్ళ భార్య నెలల తరబడి ఓ మతగురువు దగ్గర పాఠం వింటుంటే, మొగుడికి ఒక్క టపాకాయ మోతతో జ్ఞానోదయం అయిందంటే నాకు నమ్మబుద్ధి కాదు. ఆ ఇంట్లో మతం వంటింటి వైపు నుంచే వచ్చిందని నా అనుమానం.

ఆ రాక సాహిత్యంలో తెచ్చిన మార్పు చిన్నది కాదు. అంతవరకూ గంభీరమైన కథల్లో ఉండేది ఎక్కువగా రాజులు, వీరులు. కూలివాళ్ళు కనిపిస్తే నవ్వించడానికి కనిపించేవాళ్ళు. దేవుడి కళ్ళకి అందరి ఆత్మా ఒకటే అని నిజంగా నమ్మినవాడు కనక, మాంజోనీ ఇద్దరు పట్టు పనివాళ్ళని తెచ్చి 38 ప్రకరణాలకు నాయికా నాయకుల్ని చేశాడు. మిలాన్‌లో రొట్టె ధర పెరిగి జనం దుకాణాలు దోచుకోవడం, 1630 నాటి ప్లేగు, శవాల బళ్ళు, ఇవన్నీ వాళ్ళ కళ్ళతో చూపించాడు. ప్లేగు ప్రకరణాల్లో ఓ తల్లి ఉంది. చనిపోయిన చిన్న కూతురికి తెల్లబట్టలు తొడిగి, తల దువ్వి, పండక్కి ముస్తాబు చేసినట్టు ఎత్తుకుని గడప దిగి వస్తుంది. శవాలు మోసేవాడి చేతికివ్వదు. తనే బండి మీద పడుకోబెడుతుంది. సాయంత్రం మళ్ళీ రమ్మని, తననీ తీసుకుపొమ్మని వాడితో చెబుతుంది. రెండు పేజీలుండదు. నేను ఆ చోట పుస్తకం పక్కన పెట్టి కాసేపు ఊరుకున్నాను.

ఇక నేను చెప్పదలచిన పిల్ల. డాన్ రోద్రిగో బారినుంచి తప్పించడానికి లూచియానీ తల్లినీ మోంజా ఊళ్ళో ఓ కాన్వెంటుకు పంపిస్తారు. మనకు కాన్వెంటంటే పిల్లల్ని వేసే ఇంగ్లీషు బడి. ఇది సన్యాసినుల మఠం. అక్కడ కటకటాల వెనక ఓ పాతికేళ్ళ సన్యాసిని కనిపిస్తుంది. తెల్లటి మొహం, నల్లటి కళ్ళు, ముసుగు అంచు కింద నించి తప్పించుకున్న ఓ జుట్టు పాయ. ఊరంతా ఆమెను 'దొరసాని' అంటారు. పేరు జెర్త్రూదె. మాంజోనీ ఇక్కడ లూచియాని గుమ్మంలో నిలబెట్టి, ఈ సన్యాసిని బాల్యం చెప్పడం మొదలెడతాడు. ఈ నవలకు గుండెకాయ ఈ రెండు ప్రకరణాలే అంటాను నేను.

తండ్రి పెద్ద ప్రభువు. ఆస్తి ముక్కలు కాకుండా పెద్దకొడుక్కి దక్కాలి. కట్నాలిచ్చి కూతుళ్ళకు పెళ్ళిళ్ళు చేస్తే ఎలా? అందుకని పిల్ల పుట్టకముందే నిర్ణయం అయిపోయింది. ఆడుకోవడానికిచ్చిన బొమ్మలన్నీ సన్యాసిని బట్టలు కట్టిన బొమ్మలు. ముద్దొస్తే "మా మఠాధికారిణి ఎంత చక్కగా ఉందో" అనేవాళ్ళు. నువ్వు సన్యాసినివి కావాలి అని ఎవరూ అనలేదు. అనవలసిన అవసరమే రానివ్వలేదు. మఠంలో చదువుకోడానికి వేస్తే, తోటిపిల్లలు పెళ్ళిళ్ళ గురించి, నగల గురించి, విందుల గురించి మాట్లాడుకుంటుంటే, అప్పుడు మొదటిసారి ఈ పిల్లకి తెలిసొచ్చింది. నాకు ఇష్టం లేదని తండ్రికి ఉత్తరం రాసింది.

ఆ తరవాత జరిగింది చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది. కొట్టరు, తిట్టరు. మాట్లాడటం మానేస్తారంతే. భోజనాల దగ్గర తల్లి, తండ్రి, అన్న, అందరూ ఉండి ఎవరూ లేనట్టు. ఆ ఇంట్లో ఆమెతో కాస్త మెత్తగా ఉన్నవాడు పని కుర్రాడొకడు. వాడికి రాసుకున్న ఓ చీటీ దొరికిపోతుంది. గదిలో పెట్టి తాళం వేస్తారు. నాలుగైదు రోజులకి భయం, సిగ్గు, ఒంటరితనం కలిసి ఆ పిల్లని విరిచేస్తాయి. క్షమించమని తండ్రికి రాస్తుంది. తండ్రి క్షమించడానికి సిద్ధమే. కాకపోతే ఇంత తప్పు చేసిన పిల్లకి లోకంలో కంటే మఠంలోనే క్షేమం కదా, ఏమంటావు? ఏడుస్తూ "అవును" అంటుంది. అంతే! తలుపులు తెరుచుకుంటాయి, కౌగలింతలు, అభినందనలు. మర్నాడు పొద్దున్నే చాక్లెట్ కప్పు చేతికిస్తారు. ఆ రోజుల్లో పెద్దమనిషివయ్యావని గౌరవించే మర్యాద అది.

ప్రతి 'అవును' తరవాతి 'కాదు'ని ఇంకాస్త కష్టం చేస్తుంది. మఠాధికారిణి ముందు అవును. చుట్టాల ముందు అవును. ట్రెంట్ మహాసభ ఇక్కడ కూడా ఓ మంచి కట్టడి చేసిందండోయ్. పదహారేళ్ళు నిండని పిల్ల చేత సన్యాస ప్రమాణం చేయించరాదు. ముందుగా బిషప్పో ఆయన పంపినవాళ్ళో పిల్లని విడిగా కూర్చోబెట్టి ఇష్టమేనా అని అడగాలి. బలవంతం చేసినవాళ్ళకు వెలి. ఆ పరీక్షకి ఓ మంచి ముసలి గురువు వస్తాడు. ఎవరైనా బెదిరించారా తల్లీ అని నిజాయితీగా అడుగుతాడు. చీటీ సంగతి బయటపడుతుందన్న భయంతో జెర్త్రూదె ఆయనకీ అబద్ధమే చెబుతుంది. అన్ని అడ్డుగోడలూ దాటి పిల్లని పట్టుకోగలిగింది ఇల్లు ఒక్కటే.

ఫ్రాన్సులో దిదరో రాసిన 'సన్యాసిని' నవల 1796లో, ఆయన పోయాక, పుస్తకంగా వచ్చింది. అదీ బలవంతాన మఠంలో పెట్టిన పిల్ల కథే. దేవుడి మీద నమ్మకం లేని దిదరోకి మఠమే రాక్షసి. భక్తుడైన మాంజోనీ మఠాన్ని కొంత వెనకేసుకొచ్చాడనే అనుకుందాం. కానీ అతని చూపు ఇంకా లోపలికి, తండ్రి భోజనాల గదిలోకి వెళ్ళింది. సన్యాసం నిజంగా పవిత్రమని నమ్మాడు కనకనే, దాన్ని ఆస్తి లెక్కల్లో ఒక పద్దుగా వాడుకున్న తండ్రిని క్షమించలేకపోయాడు. మతం అతని చేత మతాన్ని పొగిడించిందనేవాళ్ళు ఈ రెండు ప్రకరణాలూ మళ్ళీ చదవాలి.

ఇంతవరకూ ఇచ్చింది. ఇక పుచ్చుకున్నది. మఠం పక్క ఇంట్లో ఉండే ఎజీదియో అనే దుర్మార్గుడు ఓ రోజు జెర్త్రూదెను పలకరిస్తాడు. ఆమె బదులిచ్చిందని మాంజోనీ ఒక చిన్న వాక్యంలో చెప్పి, తలుపు వేసేస్తాడు. 1821 నుంచి 1823 వరకూ రాసిన మొదటి ప్రతిలో అలా లేదు. ఈ సంబంధం, దాన్ని దాచడానికి జరిగిన హత్య, అన్నీ పేజీలకు పేజీలు రాశాడు. అచ్చుకు వచ్చేసరికి తీసేశాడు. ప్రేమ గురించి రాయకపోవడానికి ఆ మొదటి ప్రతిలోనే ఓ కారణం కూడా చెప్పుకున్నాడు: లోకంలో అది కావలసినదాని కంటే వందల రెట్లు ఎక్కువే ఉంది, పుస్తకాల్లో ఇంకా ఎక్కించడం దేనికి అని. మాట చమత్కారంగానే ఉంది. దాని వెనక పాపభయం లేదంటే మాత్రం ఒప్పుకోను.

విమర్శకులు చాలామంది ఆ ఒక్క వాక్యాన్ని ఆకాశానికెత్తారు. నేనూ మొదటిసారి చదివినప్పుడు అబ్బ అనుకున్నాను. నిజమే, పేజీల వర్ణన చెయ్యలేని పని ఆ మౌనం చేసింది. కానీ ఆ వాక్యం తరవాత ఏమైందో చూడండి. అంతవరకూ ఆ పిల్ల గుండెలో ఏ మూల ఏ భయం ఉందో చెప్పిన రచయిత, అక్కణ్ణించి ఆమె లోపలికి ఇంచుమించు వెళ్ళడు. ఎజీదియో చెప్పినట్టు లూచియాను బయటికి పంపి పట్టిస్తుంది. ఆ తరవాత కనపడదు. చివర్లో ఓ విధవరాలు లూచియాతో మాటల మధ్య, దొరసాని నేరం బయటపడిందనీ, ఘోరమైన ప్రాయశ్చిత్తం చేసుకుంటోందనీ చెబుతుంది. బలవంతపెట్టినవాళ్ళ ముందు ఇన్నిసార్లు అవునన్న పిల్ల, తన ఇష్టంతో మొదటిసారి అవునన్నప్పుడు ఏమనుకుందో మనకి చెప్పే ధైర్యం రచయితకి లేకపోయింది. వాక్యం గొప్పదే. తలుపు మూసింది కళ కోసమా, భయం కోసమా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. రెండూ కలిసే మూశాయేమో.

లూచియా విషయంలో మాత్రం నాకు అనుమానం లేదు. అక్కడ భక్తే దెబ్బ కొట్టింది. ఆ పిల్ల సిగ్గుపడుతుంది, కళ్ళు దించుకుంటుంది, ప్రార్థన చేస్తుంది. గజదొంగ లాంటి ప్రభువు కోటలో బందీగా ఉన్న రాత్రి, తప్పించుకుంటే పెళ్ళే చేసుకోనని మేరీమాతకు మొక్కుకుంటుంది. ఆ మొక్కు నుంచి ఆమెను విడిపించేది కూడా ఆమె కాదు, క్రిస్తోఫొరో అనే సన్యాసి. ఆ రాత్రి ఫాదరు ఇంట్లో మొహాన పడిన గుడ్డ రచయిత చివరిదాకా తియ్యలేదనిపిస్తుంది. ముస్సోలినీ జైల్లో కూచుని రాసుకున్న నోటు పుస్తకాల్లో గ్రామ్షీ, మాంజోనీ పేదవాళ్ళని పైనుంచి కిందికి, దయతో చూశాడని తప్పుపట్టాడు. రెంజో విషయంలో, అన్యేసె విషయంలో నేను ఒప్పుకోను. వాళ్ళు దయ కోరే మనుషులు కారు. లూచియా దగ్గర మాత్రం గ్రామ్షీతో వాదించలేను.

భాష సంగతి ఒక్క మాటలో చెబుతాను. ఇటలీ ఏకమైన 1861 నాటికి కూడా ఇటాలియన్ మాట్లాడేవాళ్ళు నూటికి పదిమందికి మించరు. మాంజోనీ తన నవలని ఫ్లోరెన్సు జనం నోట పలికే భాషలోకి మొత్తం తిరగరాసి 1840 నుంచి 1842 వరకు భాగాలుగా వేశాడు. ఆర్నో నదిలో బట్టలు జాడించడం అన్నాడు దాన్ని. జాడించడంలో సాయపడినవాళ్ళలో ఎమీలియా లూతి అనే ఫ్లోరెన్సు మహిళ ఉంది. పిల్లలకు చదువు చెప్పే ఉద్యోగం ఆమెది. ఈ మాట మా ఊళ్ళో ఎలా అంటారంటే, అని ఆమె చెబుతుంటే అంతటి రచయిత రాసుకునేవాడు.

ఎన్రికెత్తా ఏమైందో చెప్పకపోతే నాకు తోచదు. పదిమందిని కన్నది. 1833లో, క్రిస్మస్ రోజున, 42 ఏళ్ళకు కన్నుమూసింది. ఆ రోజు గురించి మాంజోనీ ఓ కవిత మొదలుపెట్టి పూర్తిచెయ్యలేకపోయాడు. ఆ పదిమంది పిల్లల్లో ఎనిమిదిమంది తండ్రి కంటే ముందే పోయారు. నతాలియా గింజ్‌బుర్గ్ 1983లో 'మాంజోనీ కుటుంబం' అని ఓ పుస్తకం వేసింది. చాలామటుకు ఆ ఇంటివాళ్ళ ఉత్తరాలతోనే అల్లింది. అందులో ఆఖరి కూతురు మతిల్దె ఉంది. అక్క దగ్గర టస్కనీలో క్షయతో మంచం పట్టి, ఒక్కసారి వచ్చి చూడమని తండ్రికి ఎన్ని ఉత్తరాలు రాసిందో. ఆయన బదులు రాశాడు. ప్రేమగానే రాశాడు. 1856లో ఆమె పోయినప్పుడు మాత్రం పక్కన లేడు. జెర్త్రూదె తండ్రిని అంత నిర్దయగా చీల్చి చూపిన కలం ఇదేనా అని గింజ్‌బుర్గ్ ఎక్కడా అడగదు. ఉత్తరాలు వరసగా పెట్టి ఊరుకుంటుంది.

జెర్త్రూదె కల్పన కాదు. అసలు పేరు మరియాన్నా దె లెయ్‌వా. 1575లో పుట్టింది. 1591లో సన్యాస ప్రమాణం చేసింది. 1607లో మిలాన్ ఆర్చిబిషప్పు విచారణ మొదలుపెట్టాడు. శిక్షగా ఓ చిన్న గదిలో పెట్టి గోడ కట్టేశారు. 1622లో బయటికొచ్చింది. 1650లో పోయింది. మాంజోనీ పాత చరిత్రకారుడు రాసినదాన్ని పట్టుకుని కథ అల్లాడు. విచారణ కాగితాలు పూర్తిగా 1985లో అచ్చయ్యాయి. అందులో ఆమెను ప్రశ్నలు అడిగారు. ఈసారి ఆమె జవాబులు చెప్పింది, గుమాస్తా పక్కన కూచుని రాసుకున్నాడు. పేజీలకు పేజీలు ఉన్నాయి.